కమ్యూటింగ్ అంటే ఉత్త ప్రయాణం కాదండీ, గుత్త ప్రయాణం

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ అనుబంధంలో ఆఫీసు ప్రయాణాల మీద పెద్ద వ్యాసం వేశారు కదా, చదివాను, బాగుంది, కాదనను. కానీ చివర్లో చిన్న బాక్సు కట్టి "కమ్యూటింగ్ అంటే ప్రయాణించడం" అని ఒక్క ముక్కలో తేల్చేశారు చూడండి, తంటా అంతా అక్కడే వచ్చింది. ఎనిమిదో క్లాసు చదివే మా మనవరాలు ఆ బాక్సు చూసుకుని, ఇంగ్లీష్ క్లాసులో సొంత వాక్యం రాయమంటే "మేము ఎండాకాలం సెలవుల్లో తిరుపతికి కమ్యూట్ చేశాము" అని రాసుకుపోయింది, టీచరమ్మ ఎర్ర పెన్నుతో అడ్డంగా ఒక గీత కొట్టి పంపించింది. పిల్ల ఇంటికొచ్చి బ్యాగు కూడా దించకుండానే "పేపర్ల గూడ తప్పు రాస్తరా అమ్మమ్మా" అని నన్ను నిలదీసింది. మీ పరువు కాపాడదామని తప్పు కాదే, సగమే రాశారు అన్నా. మిగతా సగం చెప్పమంది. అది చెప్పబోతే నా ఇరవై మూడేళ్ళ బతుకు బయటికొచ్చింది, అందుకే ఈ ఉత్తరం.

నేను జనగామలో ఉండి సికింద్రాబాద్‌లో ఒక ప్రభుత్వ ఆఫీసులో పని చేసి 2018లో రిటైరయ్యాను. పోను ఎనభై పైచిలుకు కిలోమీటర్లు, రాను ఎనభై పైచిలుకు. అందుకని ఈ మాట మీద నాకు కొంచెం హక్కు ఉందని అనుకుంటున్నా, తప్పైతే సర్దుకోండి.

ముందు పిల్లకి చెప్పిందే మీకూ చెప్తా. తిరుపతి పోతే అది యాత్ర, పెళ్ళికి పోతే ప్రయాణం, గల్ఫ్ పోతే వలస, ఇవేవీ కమ్యూటింగ్ కాదు. ఉండే చోటు ఒకటి, పని చేసేదో చదువుకునేదో ఇంకో చోటు, ఈ రెండిటి మధ్య అదే దారిలో రోజూ పోయి మళ్ళీ ఇంటికే రావాలి, అప్పుడు కమ్యూట్. యాదగిరిగుట్టకి మొక్కు తీర్చుకోవడానికి పోయినామె కమ్యూటర్ కాదు, ఆమెకి కొబ్బరికాయ అమ్మడానికి ఆలేరు నుంచి రోజూ గుట్టకి పోయొచ్చే ఆమె కమ్యూటర్. మరి రైలు నడిపే డ్రైవరో అని అడిగింది పిల్ల, తెలివైందే. రైలు నడపడం ఆయన డ్యూటీ, కమ్యూట్ కాదు, ఇంటి నుంచి స్టేషన్ దాకా బండి మీద వచ్చేది ఆయన కమ్యూట్. మరి నేను స్కూల్ వ్యాన్‌లో పోతా కదా అంది. అదీ కమ్యూటే అన్నా. ఇక రెండ్రోజులు ఇంట్లో నడుస్తూ కూడా కమ్యూటింగ్ టు కిచెన్ అంటూ తిరిగింది.

ఇంతవరకు ఈ కాలం డిక్షనరీ ఏది చూసినా దొరుకుద్ది. అంత తేలిగ్గా తెలియంది ఏంటంటే ఈ మాటకి ప్రయాణంతో పుట్టుకతో సంబంధం లేదు. మా ఇంట్లో అట్టలు ఊడిపోయిన పాత ఇంగ్లీషు తెలుగు డిక్షనరీ ఒకటి ఉంది, అందులో కమ్యూట్ అంటే మార్చుకొను, శిక్ష తగ్గించు అనే ఉంటుంది, రైలు ఊసు లేదు బస్సు ఊసు లేదు. లాటిన్‌లో కొమ్ముతారే అనే మాట నుంచి వచ్చిందట, మార్చుకోవడం, ఒకటి ఇచ్చి ఇంకోటి పుచ్చుకోవడం అని. మన కుండమార్పిడి సంబంధాల్లో మార్పిడి లాగా అనుకోండి. మరి మార్పిడికి రైలెక్కి పోయొచ్చేదానికి ఏంటి లింకు? లింకు టికెట్టులో ఉంది. 1840ల్లో అమెరికాలో రైళ్ళు కొత్తగా వచ్చినప్పుడు రోజూ ఊరి నుంచి పట్నానికి పనికి పోయొచ్చేవాళ్ళకి రోజుకో టికెట్టు కొనడం భారమైతే, కంపెనీ వాళ్ళు ఆ రోజువారీ టికెట్ల డబ్బంతా కలిపి కొంత తగ్గించి ఒకే మొత్తం కింద మార్చి ఒక టికెట్టు ఇచ్చేవాళ్ళు. చిల్లర డబ్బుల్ని నోటు కింద మార్చినట్టు. దాని పేరు కమ్యుటేషన్ టికెట్. ఆ టికెట్టు ఉన్నోడు కమ్యూటర్. కొన్నాళ్ళకి టికెట్టు సంగతి జనం మర్చిపోయారు, పోయొచ్చేదాన్నే కమ్యూటింగ్ అనడం మొదలుపెట్టారు. అంటే మొదట్లో మార్చింది ఊరిని కాదు, చోటుని కాదు, డబ్బుల్ని!

ఇది తెలిసిన రోజు నాకు నవ్వాగలేదు. ఎందుకంటే మన దగ్గర దీనికి నిక్షేపంలాంటి మాట ఉంది, గుత్త. నాట్లకి మనుషుల్ని మాట్లాడేటప్పుడు అడుగుతాం చూడండి, కూలికా గుత్తకా అని. రోజు కూలీ ఇంత అని లెక్కగట్టకుండా మొత్తం పనికి ఇంత అని ఒక్కసారి మాట్లాడుకునేది గుత్త. కమ్యుటేషన్ టికెట్టు అంటే గుత్త టికెట్టు, అంతే. కమ్యూటర్ అంటే ప్రయాణాన్ని గుత్తకు మాట్లాడుకున్నోడు. మీ బాక్సులో ఈ ముక్క రాసుంటే మా పిల్లకి ఎర్ర గీత పడేది కాదు.

ఇంకా విచిత్రం ఏంటంటే కాజీపేట సికింద్రాబాద్ లైనులో తిరిగే జనానికి కమ్యూటర్ అనే మాట తెలియకపోయినా దాని అసలు అర్థం మాత్రం తెలుసు. మేం మమ్మల్ని ఏమని పిలుచుకునేవాళ్ళం అంటే సీజన్ వాళ్ళం. మంత్లీ సీజన్ టికెట్, రైల్వే కాగితాల్లో ఎంఎస్‌టీ, మా నోట్లో ఒట్టి సీజన్. "మీది సీజనా అక్కా?" "ఆ, ఘన్‌పూర్ నుంచి." "సీజన్ ఎప్పుడైపోతది?" ఇట్లా నడిచేవి మాటలు. టికెట్టు పేరుతో మనిషిని పిలవడం, అమెరికా వాడు చేసింది అదే, మేం చేసింది అదే, ఒకర్ని చూసి ఒకరు చేసింది కాదు, రోజూ పోయొచ్చేవాడికి ఆ టికెట్టు ముక్క అంత పెద్ద విషయం కాబట్టి పేరు దాని మీదే పడింది. మా అత్తమ్మకి మాత్రం ఇది చివరిదాకా అర్థం కాలేదు, నేను సీజన్ అయిపోయింది రెన్యూవల్ చేయించాలి అంటే "ఏం సీజన్ బిడ్డా, మామిడికాయలదా?" అనేది.

సీజన్ లెక్క కూడా చెప్పాలి, ఎందుకంటే గుత్త అంటే ఏంటో అక్కడే తెలుస్తది. సెకండ్ క్లాసు నెల సీజన్‌కి దాదాపు పదిహేను సింగిల్ టికెట్ల డబ్బులు తీసుకుంటారు, 150 కిలోమీటర్ల దాకా ఇస్తారు. నెలకి పాతిక రోజులు పోయొస్తే యాభై సార్లు ఎక్కినట్టు, కట్టేది పదిహేను సార్ల డబ్బు. ఎనిమిది రోజులు తిరిగితే గిట్టుబాటు, మిగతాది లాభం. కాజీపేట నుంచి సికింద్రాబాద్ 132 కిలోమీటర్లు, అంటే వరంగల్ వైపు వాళ్ళు కూడా ఈ గుత్తలో పడిపోతారు. 2009లో అసంఘటిత కార్మికులకని నెలకి 25 రూపాయల ఇజ్జత్ పాస్ పెట్టారు. ఇజ్జత్ అంటే పరువు, ఆ పేరు పెట్టినవాళ్ళు ఎవరోగానీ చెయ్యి పట్టుకుని నమస్కారం పెట్టాలి. టికెట్టు లేకుండా టీసీకి దొరికిన కూలీమనిషి మొహం చూసినవాళ్ళకి తెలుస్తది ఆ పేరు ఎందుకు పెట్టారో.

సరే బండి సంగతి. గోల్కొండ, శాతవాహన, కాగజ్‌నగర్ బండి, పుష్‌పుల్, ఈ పేర్లు మాకు చుట్టాల పేర్లలాగా. పొద్దున నాలుగున్నరకి లేచి, వంట చేసి, రెండు టిఫిన్లు కట్టి, చీకట్లోనే స్టేషన్‌కి నడిచేదాన్ని. జనరల్ బోగీలో ముగ్గురు కూర్చునే బెంచీ మీద నాలుగోమనిషి ఉండడం అనేది చట్టం కాదు ధర్మం, "జర జరుగమ్మా" అంటే జరగాల్సిందే. కిటికీ ఊచలకి బయటవైపు పాల క్యాన్లు వేలాడేవి. పెంబర్తిలో ఎక్కేవాళ్ళు ఆలేరు దాకా నిలబడతారు, భువనగిరిలో ఎక్కేవాళ్ళు కూర్చోవాలనే ఆశే పెట్టుకోరు, ఘట్‌కేసర్‌లో ఎక్కినోడు లోపలికి వస్తే గొప్ప. ఖర్చీఫ్ వేసి సీటు ఆపడం, అవతలి వాళ్ళు ఆ ఖర్చీఫ్ తీసి పైన పెట్టి కూర్చోవడం, దాని మీద పంచాయితీ, మర్నాడు వాళ్ళిద్దరే టిఫిన్ మార్చుకుని తినడం. మగవాళ్ళ దగ్గర పేకలు, మా దగ్గర చిక్కుడుకాయలు. నిజం, సాయంత్రం మోండా మార్కెట్లో కూరగాయలు కొనుక్కుని బండెక్కితే జనగామ వచ్చేసరికి ఈనెలు తీసి తుంచి గిన్నెలో పడేసి ఉండేవి. ఒక టైపిస్టు అక్కయ్య రెండు చలికాలాల్లో ముగ్గురు పిల్లలకి స్వెట్టర్లు అల్లేసింది రైల్లోనే. ఇద్దరి పెళ్ళిళ్ళు ఆ బోగీలోనే కుదిరాయి, ఒకటి విడిపోయింది కూడా. దీన్ని తీసుకెళ్ళి ప్రయాణించడం అంటే ఎట్లా చెప్పండి?

ఇక్కడ ఒక విషయం రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నా. మేం ఆడవాళ్ళం దీన్ని తెలుగులో చెప్పాలంటే ఒక ఇబ్బంది ఉండేది. మగాయన "నేను రోజూ హైదరాబాద్ తిరుగుతా" అంటే కష్టపడుతున్నాడు పాపం అంటారు. అదే మాట ఆడమనిషి అంటే? తిరగడం అనే మాటకి ఆడవాళ్ళ దగ్గరికొచ్చేసరికి రంగు మారిపోద్ది. పెళ్ళైన కొత్తలో మా ఆడపడుచు ఎవరితోనో "మా వదినె ఊర్లు తిరిగే నౌకరీ చేస్తది" అంది, ఆమె మామూలుగానే అంది, విన్నవాళ్ళు నన్ను చూసిన చూపు మాత్రం నేను ఇప్పటికీ మర్చిపోలేదు. అందుకే మేమంతా "అప్ అండ్ డౌన్ చేస్తున్నాం" అనడం నేర్చుకున్నాం. రైలు వాళ్ళ మాట, అటు పోయే లైను అప్పు, ఇటొచ్చేది డౌను. ఇంగ్లీష్ మాట కాబట్టి దానికి మానం మర్యాద గొడవ లేదు, వినడానికి ఆఫీసు పని లాగా ఉంటది. ఇంగ్లీష్ మీద మోజుతో జనం తెలుగు వదిలేస్తున్నారని మీరు అప్పుడప్పుడు సంపాదకీయాలు రాస్తుంటారు, ఒప్పుకుంటా, కానీ ఒక్కోసారి తెలుగు మాటే మనల్ని బయటికి నెడుతుంది, అప్పుడు పరాయి మాట నీడన నిలబడతాం. అప్పుడప్పుడూ అనిపిస్తది మన దగ్గర పోయొస్తా, వెళ్ళొస్తా అనే ఎంత మంచి మాటలున్నాయో అని. ఒట్టి పోతా అంటే పెద్దవాళ్ళు కసురుతారు, పోయొస్తా అనాలి, పోవడంలోనే రావడం ఉండాలి. కమ్యూట్‌కి కావాల్సింది అదేగా, పోయి రావడం. కానీ దాన్ని మనం గుమ్మం దగ్గర వాడి వదిలేశాం, ఉద్యోగానికి పట్టించలేదు.

అప్ అండ్ డౌన్ గురించి మీ పత్రిక మీద నాకు ఒక పాత కంప్లైంట్ ఉంది, ఎట్లాగూ రాస్తున్నా కాబట్టి అదీ రాసేస్తా. మీ జిల్లా పేజీల్లో ఈ మాట ఎప్పుడొస్తది? "అప్ అండ్ డౌన్ పంతుళ్ళు", "అప్ అండ్ డౌన్ డాక్టర్లు", "స్థానికంగా ఉండని అధికారులు" అని తిట్టడానికి వస్తది. హన్మకొండలో ఉండి ముప్పై కిలోమీటర్ల అవతల పల్లెలో బడికి పోయొచ్చే టీచర్ చేసేది అప్ అండ్ డౌన్. మియాపూర్‌లో ఉండి రాయదుర్గం పోయొచ్చే సాఫ్ట్‌వేర్ అబ్బాయి చేసేది కమ్యూటింగ్, దానికి ఆదివారం అనుబంధం, రంగుల బొమ్మ, మెడనొప్పి రాకుండా చిట్కాలు. బీబీనగర్ నుంచి అడ్డా మీదికి పోయి పని దొరికితే చేసి దొరక్కపోతే ఉత్త చేతులతో వచ్చే మేస్త్రీ చేసేదానికి పేరే లేదు, కూలికి పోయిండు అంటాం అంతే. ముగ్గురూ చేసేది ఒకటే పని. మాట మాత్రం జీతాన్ని బట్టి మారుతుంది. టీచర్ హెడ్‌క్వార్టర్‌లో ఉండాలన్న రూలు ఉంది, లేట్‌గా పోతే రాయండి, పిల్లలకి నష్టం జరిగితే గట్టిగా రాయండి, నేనేం అడ్డు చెప్పను, కానీ టైమ్‌కి పోయేవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళని కూడా ఆ హెడ్డింగ్ కిందకే తోసేస్తే ఎట్లా. భార్య ఒక ఊర్లో భర్త ఒక ఊర్లో ఉద్యోగాలు, పిల్లల చదువు మూడో ఊర్లో, మధ్యలో ఇల్లు ఎక్కడ పెట్టుకోవాలి అనేది పెద్ద లెక్క.

పలికే సంగతి ఒకటి. కమ్యూటర్ అనే మాట మన చెవికి కంప్యూటర్ లాగా వినపడుద్ది. మా అల్లుడు ఒకసారి ఫోన్లో "నేను లాంగ్ డిస్టెన్స్ కమ్యూటర్‌ని అత్తమ్మా" అంటే దూరవిద్యలో కంప్యూటర్ కోర్సు చేస్తున్నాడని నేనే నలుగురికీ చెప్పుకున్నా. ఇప్పటి పిల్లలు దాన్ని నామవాచకం చేసేశారు, "నాకు కమ్యూట్ గంటన్నర", "కమ్యూట్ చంపేస్తుంది రా" అంటారు. గమనించారా, దూరం చెప్పరు, టైమ్ చెప్తారు. దీన్ని బాగా పట్టింది రియల్ ఎస్టేట్ వాళ్ళు, "ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కి ఇరవై నిమిషాలు" అని బోర్డు పెడతారు, అర్ధరాత్రి రెండింటికి అని మాత్రం రాయరు. ఎడిసన్‌లో ఉండే మా మేనల్లుడు న్యూయార్క్ రైల్లో పోయొస్తాడు, వాడి దగ్గర ఇప్పటికీ మంత్లీ పాసే, కమ్యుటేషన్ టికెట్టుకి మునిమనవడు లాంటిది. అది వాడికి చెప్తే "అయితే నేను కూడా సీజన్ గాడినే అన్నమాట అత్తా" అని నవ్వాడు.

మరి వారానికోసారి పోయొస్తే? 2016లో ఆంధ్ర సెక్రటేరియట్ హైదరాబాద్ నుంచి వెలగపూడికి మారినప్పుడు చాలామంది ఉద్యోగుల ఇల్లూ పిల్లలూ హైదరాబాద్‌లోనే ఉండిపోయారు, వాళ్ళ కోసం విజయవాడకి ఇంటర్‌సిటీ రైలు వేశారు, వారానికి ఐదు రోజుల పని పెట్టారు. శుక్రవారం సాయంత్రం వచ్చి సోమవారం పొద్దున పోవడం. దీన్ని ఇంగ్లీష్ వాళ్ళు వీక్లీ కమ్యూట్ అంటారట. నా మట్టుకు నాకు అది సగం వలస సగం అప్ అండ్ డౌన్. రాత్రి సొంత మంచం మీద పడుకోకపోతే అది కమ్యూట్ ఎట్లా అవుద్ది?

హైదరాబాద్‌లో 2003 ఆగస్టులో ఎంఎంటీఎస్ లోకల్ రైళ్ళు వచ్చాయి, 2017 నవంబర్‌లో మెట్రో వచ్చింది, ఇప్పుడది మూడు లైన్లు కలిపి 69 కిలోమీటర్లు. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి ఆర్టీసీ బస్సులు ఆడవాళ్ళకి ఫ్రీ. దీని మీద ఆటోవాళ్ళ బాధ వేరే, సీట్ల కోసం కొట్లాటలు మీరు రాస్తూనే ఉన్నారు, నేను రాసేది వేరే. మా వీధిలో ఒకమ్మాయి పెళ్ళయ్యాక ఉద్యోగం మానేసింది, కారణం బస్సు చార్జీలకే జీతంలో పెద్ద ముక్క పోతుందని అత్తగారింట్లో లెక్క చెప్పారు. ఆ లెక్క ఇప్పుడు చెల్లదు. మళ్ళీ పోతోంది, జనగామ నుంచి ఉప్పల్ దాకా. గుత్తలో ఇంతకంటే చవక గుత్త లేదు కదా. ఆమె కూడా నాతో అప్ అండ్ డౌన్ చేస్తున్నా ఆంటీ అంటుంది, కమ్యూట్ అనదు.

లాక్‌డౌన్ గురించి ఎక్కువ రాయను. 2020 మార్చిలో ప్యాసింజర్ రైళ్ళు ఆగాక సీజన్ వాళ్ళంతా గాలికి పోయారు. ల్యాప్‌టాప్ ఉన్నోళ్ళకి కమ్యూట్ సున్నా అయింది, పాల క్యాన్ ఉన్నోళ్ళకి సంపాదన సున్నా అయింది. రైళ్ళు మళ్ళీ వచ్చాక ప్యాసింజర్లకి ఎక్స్‌ప్రెస్ చార్జీ పెట్టారు, పది రూపాయల మినిమం టికెట్టు ముప్పై అయింది, 2024 ఫిబ్రవరిలో గానీ మళ్ళీ పదికి దిగలేదు. నాలుగేళ్ళు. ఈ విషయం మీద అప్పట్లో ఎన్ని అనుబంధాలు వచ్చాయో నేను లెక్కపెట్టుకోలేదు, పెట్టుకోవాల్సినంత రాలేదు కూడా.

మా పిల్ల ఊరుకోదు కదా, లెక్కల పుస్తకం పట్టుకొచ్చింది, ఇందులో కూడా కమ్యుటేటివ్ అని ఉంది అమ్మమ్మా అని. తెలుగు మీడియంలో దాన్ని స్థిత్యంతర ధర్మం అనేవాళ్ళు, ఎ ప్లస్ బి అన్నా బి ప్లస్ ఎ అన్నా ఒకటే, చోటు మార్చినా విలువ మారదు. అదీ మార్పిడి కుటుంబంలో పిల్లే. కానీ నేను చెప్పా, మా ప్రయాణానికి ఆ ధర్మం వర్తించదే అని. పొద్దున జనగామ నుంచి సికింద్రాబాద్, సాయంత్రం సికింద్రాబాద్ నుంచి జనగామ, పట్టాలు అవే, స్టేషన్లు అవే, దూరం అదే. పొద్దున పోయేటప్పుడు ఇస్త్రీ చీరతో పోతాం, సాయంత్రం ఔటర్‌లో సిగ్నల్ కోసం ఆగిన బండిలో, స్టవ్ మీద ఏం పెట్టాలి, పాలు ఉన్నాయా విరిగాయా, చిన్నోడికి జ్వరం తగ్గిందా, అట్లా అనుకుంటూ కూర్చున్న గంట గంట కాదు. ఎ ప్లస్ బి వేరు, బి ప్లస్ ఎ వేరు. టీచర్‌కి ఇది రాయకు, మళ్ళీ ఎర్ర గీత పడుద్ది అని కూడా చెప్పాననుకోండి.

గవర్నమెంట్ ఉద్యోగులకి ఈ మాట ఇంకో రెండు దారుల్లో తెలుసు. కమ్యుటెడ్ లీవ్. ఏడాదికి ఇరవై సగం జీతం సెలవులు ఇస్తారు, ఒంట్లో బాగోకపోతే డాక్టర్ సర్టిఫికెట్ పెట్టి రెండు సగాల్ని ఒక పూర్తి జీతం సెలవు కింద మార్చుకోవచ్చు. మళ్ళీ మార్పిడే. రెండోది చిట్టచివర వస్తది, పెన్షన్ కమ్యుటేషన్. పెన్షన్‌లో 40 శాతం దాకా నెలనెలా వద్దు, ఒకేసారి ఇచ్చేయండి అని అడిగి తీసుకోవచ్చు, ఆ ముక్క మళ్ళీ పెన్షన్‌లో కలవాలంటే 15 ఏళ్ళు ఆగాలి. కోర్టుల్లో కూడా ఇదే మాట, ఉరిశిక్షని యావజ్జీవంగా మారిస్తే కమ్యూట్ చేశారంటారు, చిలకలూరిపేట బస్సు కేసులో 1998లో రాష్ట్రపతి కె.ఆర్.నారాయణన్ గారు చేసింది అదే. ఎక్కడికి పోయినా పెద్దదాన్ని చిన్నదాంతో, చిల్లరని మొత్తంతో మార్చుకోవడమే.

2018లో ఆఖరి రోజుల్లో పెన్షన్ కాగితాలు నింపుతుంటే సెక్షన్‌లో ఉన్న అబ్బాయి "మేడమ్, కమ్యుటేషన్ పెడుతున్నారా" అని అడిగాడు. పెడుతున్నా అన్నా, అమ్మాయి పెళ్ళికి చేసిన అప్పు ఉంది. 58 ఏళ్ళకి సంతకం పెట్టా, 2033లో నాకు 73 వస్తది, అప్పుడు పూర్తి పెన్షన్ వస్తది, బతికుంటే. ఆ సాయంత్రం బండిలో కూర్చుని ఆలోచిస్తే తమాషాగా అనిపించింది. ఇరవై మూడేళ్ళు నెలనెలా సీజన్ తీసుకుని ప్రయాణాన్ని గుత్తకి మాట్లాడుకున్నా, ఆఖరికి ముసలితనాన్ని కూడా గుత్తకే ఇచ్చేశా. పర్సులో ఆ నెల సీజన్ ఇంకా పదకొండు రోజులు మిగిలే ఉంది. వాపసు ఇస్తారేమో అడుగుదామా అనుకుని, ఊరుకున్నా. తర్వాత ఆ పదకొండు రోజుల్లో రెండుసార్లు పని లేకపోయినా ఎక్కి సికింద్రాబాద్ పోయి టీ తాగి వచ్చా. అది కమ్యూటింగ్ కాదని మా మనవరాలి తీర్పు. పని లేదు కదా, అది జాలీ ట్రిప్పట.

ఇప్పుడు మీతో పని. ఒకటి, ఆ బాక్సు సవరించి మళ్ళీ వేయండి, పిల్ల స్కూల్‌కి పట్టుకుపోతానంటుంది. కమ్యూటింగ్‌కి తెలుగేంటి అని మీ డెస్క్‌లో ఎవరన్నా అడిగితే నిత్య ప్రయాణం, రోజువారీ రాకపోకలు లాంటివి వాడుతున్నారు, తప్పు లేదు కానీ అవి నోట్లో ఆడవు, రాకపోకలు అనగానే మీరే "వాగు పొంగి రాకపోకలు బంద్" అని రాసిన హెడ్డింగే గుర్తొస్తది. అప్ అండ్ డౌన్ అని రాయండి, జనం అంటున్నది అదే, కానీ తిట్టుగా కాకుండా రాయండి. రెండోది, ఎంఎంటీఎస్‌ని ఘట్‌కేసర్ నుంచి రాయగిరి దాకా తెస్తామని 2016 నుంచి వింటున్నాం, 2024 మార్చిలో ఘట్‌కేసర్ దాకా అయితే వచ్చింది, అవతల 33 కిలోమీటర్ల సంగతి ఏమైందో మీ రిపోర్టర్‌ని ఒకసారి పంపించి కనుక్కోండి, ఏసీ కారులో కాకుండా పుష్‌పుల్‌లో పంపించండి, జనరల్ బోగీలో, నాలుగో మనిషిగా.

ఉత్తరం పెద్దదైందని నాకు తెలుసు. స్థలం లేకపోతే తగ్గించుకోండి, మీ ఇష్టం. చిక్కుడుకాయల ముక్క తీసేసినా ఏమనుకోను, గుత్త సంగతి మాత్రం ఉంచండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉద్యోగిని,
జనగామ